అద్దంలో జాకెట్ వేరు, హ్యాండిల్ మీద జాకెట్ వేరు: రైడింగ్ జాకెట్ చేతుల గురించి అపోహలు, వాస్తవాలు

మా కొట్లో ఒక నిలువుటద్దం ఉండేది. దాన్ని తీసి వెనక గదిలో పడేశాను. దాని చోట తుక్కులో దొరికిన బుల్లెట్ హ్యాండిల్ ఒకటి గోడకి బిగించి, ముందు ఒక స్టూలు వేశాను. జాకెట్ పట్టుకుని ఎవరొచ్చినా సరే, అది తొడుక్కుని ఆ స్టూలు మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకోవాలి. అప్పుడే టేపు తీస్తాను. కొందరికి నవ్వొస్తుంది. రానివ్వండి.

మాది విజయనగరంలో సీటు కవర్ల కొట్టు. నాన్న రోజుల నుంచీ బైకు సీట్లు, ఆటో సీట్లు, రెగ్జిన్ పని. జాకెట్ల పని మేం వెతుక్కుంటూ వెళ్ళింది కాదు. ఆర్మీలో ఉన్న మా వైపు కుర్రాళ్ళు సెలవుకి వస్తూ, ఉత్తరాదిలో కొన్న లెదర్ జాకెట్లు తెచ్చి "మీ మిషన్ మీద సూది దిగుతుంది కదా, ఈ చేతులు కాస్త సరిచేసి పెట్టండి" అనేవారు. తర్వాత ఆదివారాలు ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ ఎక్కే కుర్రాళ్ళు మొదలయ్యారు. ఇన్నేళ్ళలో కాలరు బాగాలేదనో వీపు బిగుతుగా ఉందనో వచ్చినవాళ్ళు తక్కువ. గొడవంతా చేతుల దగ్గరే. అపోహలూ అక్కడే ఎక్కువ.

అపోహ: జాకెట్ చెయ్యి తిన్నగా, కత్తిలా వేలాడాలి.

"ఏటి గురూ, ఈ చేతులు వంకరగా కుట్టీసేరు?" మంచి రైడింగ్ జాకెట్ మొదటిసారి కొన్న చాలామంది నా దగ్గరికి వచ్చి అడిగే మాట ఇదే. కుట్టింది నేను కాకపోయినా తిట్లు నాకే. హ్యాంగర్‌కి తగిలిస్తే ఆ చేతులు ఎవరినో వాటేసుకోబోతున్నట్టు ముందుకి వంగి ఉంటాయి. నిలబడి వేసుకుంటే మోచెయ్యి దగ్గర ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. కుట్టులో తేడా అనుకుంటారు గానీ, అది కావాలని పెట్టిన వంపు.

మోచెయ్యి మడిచినప్పుడు బయటి వైపు ఎక్కువ పొడవు కావాలి, లోపలి వైపు తక్కువ చాలు. చొక్కా గుడ్డ ఎలాగో సర్దుకుపోతుంది. దళసరి తోలు సర్దుకోదు. తిన్నటి చేతుల జాకెట్ వేసుకుని హ్యాండిల్ పట్టుకుంటే లోపలి మడతలో తోలు ముద్దగా పోగవుతుంది, బయటి వైపు పొడవు చాలక మణికట్టు దగ్గరి అంచు పైకి లాక్కుపోతుంది. ఎస్.కోట చేరేసరికి మోచేతి మడతలో ఎర్రగా గీత పడి ఉంటుంది. అందుకే రైడింగ్ జాకెట్ చెయ్యికి బయటి వైపుకి వచ్చే పై ముక్క, లోపలి వైపుకి వచ్చే కింది ముక్క విడివిడిగా కోస్తారు. పై ముక్కకి మోచెయ్యి దగ్గర పొడవు ఎక్కువ ఇచ్చి, ఆ ఎక్కువని బ్లౌజుకి వేసినట్టే చిన్న చిన్న డాట్లలో కలిపేస్తారు. కొన్నిటికి మోచెయ్యి పైన హార్మోనియం తిత్తిలా మడతలు విచ్చుకునే ముక్క ఉంటుంది. "గొంగళి పురుగులా ఉంది, తీసెయ్యండి" అని ఒకాయన దాన్ని విప్పించి సాదా ముక్క వేయించుకున్నాడు. వేశాను. డబ్బూ తీసుకున్నాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ మనసుకి బాగోదు.

అలాగని తిన్నటి చెయ్యి తప్పేం కాదు. అది నిలబడేవాళ్ళకి, పెళ్ళి రిసెప్షన్‌లో ఫొటో దిగేవాళ్ళకి. బైకులోనూ తేడా ఉంది. బుల్లెట్ మీద నడుం నిటారుగా ఉంటుంది, చేతులు కాస్త వెడల్పుగా చాచాలి. యమహా ఆర్15 లాంటి స్పోర్ట్స్ బైకుల మీద ఒళ్ళంతా ముందుకి వాలుతుంది. రెండో దానికి కోసిన జాకెట్ వేసుకుని మొదటి దాని మీద కూర్చుంటే మెడ వెనక బిగుసుకుంటుంది. కాబట్టి ఏ కంపెనీ జాకెట్ మంచిదని నన్ను అడిగేముందు మీ బైకేదో చెప్పండి.

అపోహ: చెయ్యి మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. అంతకు మించితే పొడవు.

ఈ తప్పు నేను స్వయంగా చేశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. అప్పటికి నిలువుటద్దం ఇంకా ఉంది. శ్రీకాకుళం నుంచి ఒక కుర్రాడు బఫెలో లెదర్ జాకెట్ తెచ్చాడు. నిలబడితే చేతులు బొటనవేలి మొదలు దాకా వచ్చాయి. "మా అన్నయ్య జాకెట్ వేసుకున్నట్టుంది" అన్నాడు. నాకూ అద్దంలో అలాగే కనిపించింది. లైనింగ్ విప్పి, జిప్పు పైకి జరిపి, రెండు చేతులూ ఒకటిన్నర అంగుళం కోసేశాను. మడత శుభ్రంగా వచ్చింది. ఇద్దరం మురిసిపోయాం.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. గ్లవ్‌కీ జాకెట్‌కీ మధ్య రెండు వేళ్ళ వెడల్పున నల్లగా ఎండకి కమిలిన పట్టీ, గాజులేసుకున్నట్టు. ఎడమ చేతికి ఆ పట్టీ మీదే చెక్కుకుపోయిన గాయం, ఇంకా పక్కు కట్టి ఉంది. ఘాట్‌లో కంకర మీద నెమ్మదిగానే పడ్డాడట. జాకెట్‌కి గీతలు తప్ప ఏం కాలేదు. గ్లవ్‌కీ ఏం కాలేదు. దెబ్బంతా ఆ ఖాళీలోనే తగిలింది.

చెయ్యి చాచి మోచెయ్యి వంచితే అంచు ఎంత వెనక్కి పోతుందో ఎవరి జాకెట్ మీద వాళ్ళు చూసుకోవచ్చు. వంపు లేని చేతికి అంగుళం నుంచి రెండంగుళాల దాకా పోవడం నేను టేపుతో కొలిచాను. నిలబడినప్పుడు పొడవుగా ఉన్నట్టనిపించేదే హ్యాండిల్ మీద సరిపోతుంది. గ్లవ్ పొట్టిదైతే ఇంకా జాగ్రత్త. గ్లవ్ అంచు జాకెట్ మీదకి రావాలా, లోపలికి పోవాలా అన్నది వాన, చలి, మీ అలవాటును బట్టి ఉంటుంది. రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండటమే ముఖ్యం.

ఆ కుర్రాడి జాకెట్‌కి మళ్ళీ పట్టీ అతికాను. నలుపులో నలుపు కలవలేదు. గుడ్డలా కాదు తోలు. ఒకసారి సూది దిగిన చిల్లు మళ్ళీ పూడదు, కోసిన ముక్క తిరిగి రాదు.

అపోహ: చంక వదులుగా, కిందికి ఉంటే చెయ్యి హాయిగా ఆడుతుంది.

ఈ మాట లేడీస్ టైలర్ దగ్గర అంటే నవ్వుతారు. బ్లౌజుకి చంక కిందికి దించితే చెయ్యి ఎత్తినప్పుడల్లా బ్లౌజు మొత్తం పైకి లేస్తుందని వాళ్ళకి తెలుసు. జాకెట్‌కీ అదే లెక్క. చంక కుట్టు ఒంటికి దగ్గరగా, పైకి ఉంటే భుజం కీలు ఎక్కడ తిరుగుతుందో చెయ్యి కూడా అక్కడే తిరుగుతుంది, జాకెట్ కదలదు. కుట్టు కిందికి ఉంటే చెయ్యి ముందుకి చాచగానే నడుం దగ్గరి అంచు కూడా పైకి వచ్చేస్తుంది, వెనక చొక్కా బయటపడుతుంది. పై చంకకి బిగుతు అనిపిస్తే చంక కింద డైమండ్ ఆకారంలో ఒక ముక్క వేస్తారు. నిలబడి ఉన్నప్పుడు అది లోపలికి మడిచి దాక్కుంటుంది కాబట్టి షోకుకీ ఇబ్బంది లేదు. మీ పాత జాకెట్‌కి నేను తర్వాత సరిచేయలేనిది ఏదైనా ఉందంటే ఈ చంక ఎత్తే. కొనేటప్పుడే చూసుకోండి.

అపోహ: మోచేతి ప్యాడ్ ఉంటే చాలు, చెయ్యి వదులుగా ఉన్నా పర్లేదు, గాలాడుతుంది.

చెయ్యి మడిచి, ప్యాడ్‌ని రెండో చేత్తో పట్టుకుని పక్కకి తిప్పండి. మోచెయ్యి మీద నుంచి జారి పక్కకి వచ్చేసిందా? పడినప్పుడు రోడ్డు కూడా అదే పని చేస్తుంది, ఇంకా గట్టిగా. ప్యాడ్ అక్కడే నిలవాలంటే ముంజేయి దగ్గర జాకెట్ ఒంటిని పట్టుకుని ఉండాలి. ముంజేతి మీద కనిపించే టిచ్ బటన్ల పట్టీ అలంకారం అనుకుంటారు. దాని పని ఇదే. చొక్కా చేతులు మడిచి దాని మీద జాకెట్ వేసుకునేవాళ్ళకి కూడా ప్యాడ్ పక్కకి జరుగుతుంది.

ఇక ఆ ప్యాడ్ అసలు ఏమిటన్నది. మోచెయ్యి మీద డైమండ్ గళ్ళు కుట్టి, లోపల స్పాంజి పెట్టినవి చాలా వస్తాయి. అది నేను సీటులో పెట్టే స్పాంజికి చెల్లెలు. వేళ్ళతో నొక్కితే ఎముక తగులుతుంది. అసలైన ప్రొటెక్టర్ మీద ఈఎన్ 1621-1 అని యూరప్ ప్రమాణం అచ్చు ఉంటుంది, బైకు మనిషి బొమ్మ ఉంటుంది, మోచేతికైతే ఇంగ్లిష్ అక్షరం E, భుజానికైతే S. 50 జౌళ్ళ దెబ్బ కొట్టి చూసినప్పుడు అవతలికి దాటే బలం సగటున 35 కిలోన్యూటన్లకు మించకపోతే లెవెల్ 1, 20కి మించకపోతే లెవెల్ 2. యూరప్‌లో మొత్తం జాకెట్‌కి కూడా ఈఎన్ 17092 అనే ప్రమాణం 2020లో వచ్చింది. అందులో AAA, AA, A తరగతుల జాకెట్‌కి భుజం, మోచెయ్యి ప్రొటెక్టర్లు తప్పనిసరి. B తరగతికి అక్కర్లేదు. మన దగ్గర హెల్మెట్‌కి మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 129 ఉంది, జాకెట్‌ని అడిగేవాడు లేడు. లేబుల్ మీరే తిప్పి చదువుకోవాలి.

అపోహ: ఎన్ని కుట్లు, ఎన్ని ముక్కలు ఉంటే అంత గట్టి.

పోస్టు బిళ్ళలు చింపడానికి మధ్యలో చిల్లులు ఎందుకు పెడతారో గుర్తు తెచ్చుకోండి. తోలు మీద దగ్గర దగ్గరగా కుట్టు వేస్తే అదే జరుగుతుంది. దళసరి తోలుకి నేను అంగుళానికి ఆరేడు కుట్లు వేస్తాను. చొక్కా టైలర్ అలవాటుగా పన్నెండు వేసిన జాకెట్లు నా దగ్గరికి కుట్టు పొడవునా చిరిగి వచ్చాయి.

ఇంకా చెడ్డది, కుట్టు ఎక్కడ ఉందన్నది చూసుకోకపోవడం. కిందటేడు ఒక జాకెట్ వచ్చింది, తారు రోడ్డు మీద జారినది. మోచెయ్యి మీద ఎర్రతోలు నక్షత్రం ఒకటి అతికించి ఉండేదట. తోలుకి ఏం కాలేదు, పైపొర గీరుకుపోయి లేత బూడిద రంగులో గరుగ్గా తేలింది, అంతే. నక్షత్రం మాత్రం ఒక మూల రెండు కుట్ల మీద వేలాడుతోంది. మిగతా చుట్టూ పై దారం అరిగిపోయి, కింది దారం చిల్లుల్లోంచి పోగులు పోగులుగా బయటికి వచ్చి ఉంది. పైకి తేలిన దారం రోడ్డుకి మొదట దొరికేది. అది అలంకారం కాబట్టి నక్షత్రంతో పోయింది. అదే చోట చేతి రెండు ముక్కల్ని కలిపే అసలు కుట్టు ఉండుంటే చెయ్యే విచ్చుకునేది. అందుకే మంచి కటింగ్‌లో మోచెయ్యి బయటి వైపు నున్నగా వదిలేసి, కుట్టుని లోపలి వైపుకి తిప్పుతారు. తప్పనిసరైతే ముందు లోపల ఒక కుట్టు దాచి, పైన ఇంకొకటి వేస్తారు. పైది అరిగినా లోపలిది పట్టుకుంటుంది. దారం నైలాన్ లేదా పాలిస్టర్. నూలు దారం చెమటకి కుళ్ళిపోతుంది.

అపోహ: జిప్పులు, పట్టీలు, కుచ్చులు అన్నీ ఒకే రకం షోకు.

కావు. అమెరికాలో ఇర్వింగ్ షాట్ 1928లో పెర్ఫెక్టో అనే బైకు జాకెట్ చేసినప్పుడు జిప్పు పెట్టింది గాలి దూరకుండా ఉండటానికే. మణికట్టు జిప్పు కూడా పనికొచ్చేదే, విప్పితే చెయ్యి దూరుతుంది, మూస్తే బిగుస్తుంది. కానీ అది చిటికెన వేలి వైపు పైకి తేలి ఉంటే పడినప్పుడు ముందు అదే నేలకి తగులుతుంది. లోపలి వైపు ఉండాలి, రన్నర్ వేలాడి ట్యాంకు పెయింట్ గీకకుండా పైన చిన్న తోలు మూత ఉండాలి. భుజం మీద పట్టీలకి రెండు వైపులా బటన్ లేకపోతే గాలికి తపతపా కొట్టుకుంటాయి. కుచ్చులు మీ ఇష్టం. భుజం కింద చిన్న జేబు ఉంటే అందులో తాళాలు, పెన్ను పెట్టకండి, పడితే అవి చేతిలో దిగుతాయి.

అపోహ: మన ఎండకి లెదర్ పనికిరాదు.

సగం నిజం. మే నెల మధ్యాహ్నం హైవే మీద సిగ్నల్ దగ్గర ఆగి నిలబడితే ఎంత ఖరీదు జాకెట్ అయినా ఉడికిస్తుంది. ఆ పూట నేనూ వేసుకోను, పొద్దున్నే బయల్దేరతాను. కానీ చిల్లుల లెదర్ కదులుతున్నంతసేపు బాగా గాలి తీసుకుంటుంది. చిల్లులు ఎక్కడున్నాయో చూడండి. ఛాతీ మీద, చేతి లోపలి వైపు ఉంటే మంచిది. మోచెయ్యి మీద, భుజం మీద కూడా చిల్లులు పొడిచి ఉంటే అది అందం కోసం చేసిన పని, తోలు బలం అక్కడే తగ్గించారు. ఎండకి భయపడి పల్చటి జాకెట్ కొనడం ఇంకో పొరపాటు. ఫ్యాషన్ జాకెట్ల తోలు మిల్లీమీటరు కూడా ఉండదు. రైడింగ్ వాటికి 1.2 నుంచి 1.4 మిల్లీమీటర్లు ఉండాలి. మణికట్టు అంచు వేళ్ళ మధ్య చిటికెతో పట్టుకుంటేనే తేడా తెలిసిపోతుంది.

రెగ్జిన్ మాత్రం వద్దు. ముప్పై ఏళ్ళుగా రెగ్జిన్ మీద బతుకుతున్నవాణ్ణి చెబుతున్నా. రోడ్డు రాపిడి వేడికి అది కరిగి ఒంటికి అంటుకుంటుంది. పడకపోయినా మన సముద్రపు తేమకి పై పొర పొలుసులు పొలుసులుగా ఊడిపోతుంది, మొదట మోచేతి మడతలోనే.

మనకి ఎండ కంటే ఎక్కువ శత్రువు తేమ. దసరా తర్వాత వచ్చే పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాటికి అల్పపీడనాల వానలు ఉంటాయి, దాంతో పాటే బీరువాలో జాకెట్లకి తెల్లటి బూజు. తడిసిన జాకెట్‌ని ఎండలో ఆరేస్తే మోచేతి వంపు ఎలా ఉంటే అలాగే బిగుసుకుపోతుంది, తర్వాత మడిస్తే పగుళ్ళు. సన్నటి తీగ హ్యాంగర్‌కి తగిలిస్తే తడి బరువుకి భుజాలు సాగుతాయి. చేతుల్లో పాత పేపర్లు ఉండలు చుట్టి వదులుగా పెట్టి, దళసరి హ్యాంగర్‌కి ఫ్యాను కింద వేలాడదీయండి. పేపర్ తడిస్తే మార్చండి. జిప్పులన్నీ తెరిచే ఉంచండి, ముఖ్యంగా మణికట్టువి. లోపల లైనింగ్ ఆరేది ఆఖరున.