నిప్పులు ఎర్రబడితే ప్రమాదం తప్పినట్టేనా?

చలికాలంలో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు తలనొప్పి, వాంతులతో ఎమర్జెన్సీకి వస్తే, రాత్రి గదిలో ఏం వెలిగించారని అడుగుతాం. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గురించి మాకు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: పొగ పోయి బొగ్గులు ఎర్రబడ్డాక కుంపటి లోపల పెట్టుకోవచ్చు.

వాస్తవం: ప్రాణాల మీదికి తెచ్చే నమ్మకం ఇదే. పొగైతే కళ్లు మండించి మనల్ని బయటికి తరుముతుంది. కణకణలాడే నిప్పుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ బాగా వస్తుంది. దానికి రంగు, వాసన లేవు, గొంతులో గరగర కూడా ఉండదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లు మెలకువ రాకుండానే స్పృహ తప్పుతారు. ఇంటి లోపల కుంపటి వద్దే వద్దు.

అపోహ: కిటికీ కాస్త తెరిచి, గిన్నెడు నీళ్లు పెడితే చాలు.

వాస్తవం: ఈ వాయువు నీళ్లలో దాదాపు కరగదు. కిటికీ సందును నమ్ముకోలేం. మొహానికి తడిగుడ్డ కట్టుకున్నా ఆగదు.

అపోహ: వేలికి పెట్టే ఆక్సిమీటరు 98 చూపిస్తోంది, ఏం కాలేదు.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ ఈ అంకెతోనే. మామూలు ఆక్సిమీటరు కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ ఉన్నదిగానే లెక్కేస్తుంది. అసలు సంగతి రక్తపరీక్షలో తేలుతుంది. జ్వరం లేకుండా ఇంటిల్లిపాదికీ ఒకేసారి తల తిరిగి, బయటికి రాగానే తేలికపడితే ఆ అంకెను పక్కన పెట్టి ఆసుపత్రికి రండి.

అపోహ: తేరుకున్నాక ఆసుపత్రి ఎందుకు?

వాస్తవం: మామూలు గాలి పీలిస్తే రక్తంలో ఈ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు. కొందరికి రోజులు, వారాలు గడిచాక మతిమరుపు, నడకలో తడబాటు మొదలవుతాయి. గర్భిణులు తమకు బాగానే ఉన్నా కడుపులో బిడ్డ కోసం తప్పక చూపించుకోవాలి.

అపోహ: గ్యాస్ గీజరు కొత్తదే, భయం లేదు.

వాస్తవం: గాలి చాలకపోతే కొత్తదైనా విషవాయువే వదులుతుంది. పొగ పోయే గొట్టం ఆరుబయటికి పెట్టించి, ఏటా చెక్ చేయించండి. జనరేటరు ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలి. కరెంటు హీటరు నుంచి ఈ వాయువు రాదు (షాకు, మంటల భయం వేరే ఉందనుకోండి).

అపోహ: పొగ అలారం ఉందిగా!

వాస్తవం: అది దీన్ని పసిగట్టదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం విడిగా కొని, పడకగదుల దగ్గర పెట్టండి. అది మోగితే ఎక్కడి నుంచి వస్తోందని వెతక్కండి, ముందు అందరూ బయటికి రండి.