కోట్ల రేటు ఎక్కడ పుట్టింది?

ఐపీఎల్ మొదలైన రెండో వారానికే ఆ మాట వినిపిస్తుంది: "ఇన్ని కోట్లు పోసి కొన్నారు, ఏం ఆడుతున్నాడు?" 2025లో అది రిషభ్ పంత్ మీద, వెంకటేశ్ అయ్యర్ మీద పడింది. లక్నో 27 కోట్లకు కొన్న పంత్ 14 మ్యాచుల్లో 269 పరుగులు చేశాడు. అందులో 118 ఆఖరి మ్యాచ్‌లో వచ్చినవే. కోల్‌కతా 23.75 కోట్లు పెట్టిన వెంకటేశ్ 11 మ్యాచుల్లో చేసింది 142. టికెట్ కొనుక్కుని వెళ్లిన అభిమానికి ఒళ్లు మండదా మరి? నాకూ మండేది. ఆ అంకె ఎలా పుడుతుందో ఒక్కొక్క వేలం చూస్తూ తెలుసుకున్నాక, ఆటగాడిని తిట్టడానికి నోరు రావడం లేదు.

2008 ఫిబ్రవరి 20న ముంబైలో మొదటి వేలం జరిగింది. ఒక్కో జట్టు పర్సు, అంటే ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టగలిగిన సొమ్ము, 50 లక్షల డాలర్లు, అప్పటి లెక్కలో సుమారు 20 కోట్లు. ధోనీకి చెన్నై 15 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ తర్వాతి పెద్ద ధర ఆండ్రూ సైమండ్స్‌ది, 13.5 లక్షల డాలర్లు. కొన్నది అప్పటి మన హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్. జట్టు చేతిలో డబ్బు మిగలాలని లక్ష్మణ్ తన ఐకాన్ హోదా (జట్టులో అందరికంటే ఎక్కువ సొమ్ము దక్కే హోదా) వదులుకున్న సంగతి హైదరాబాద్‌లో చాలామందికి ఇప్పటికీ గుర్తే.

ఆ ఏప్రిల్ 24న ఉప్పల్‌లో రాజస్థాన్ మీద సైమండ్స్ 53 బంతుల్లో 117 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. 214 పరుగులు చేశాం, ఇక గెలిచినట్టే అనుకున్నాం. చివరి ఓవర్ బంతి కూడా అతని చేతికే ఇచ్చారు. షేన్ వార్న్ వరసగా రెండు సిక్సర్లు కొట్టి మ్యాచ్ లాక్కుపోయాడు. ఇంటికి వెళ్లే దారిలో సెంచరీ సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆ సీజన్‌లో సైమండ్స్ ఆడింది నాలుగే మ్యాచులు. 14 మ్యాచుల్లో రెండే గెలిచి మన జట్టు అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో కప్పు కొట్టిన జట్టులోనూ సైమండ్స్ ఉన్నాడు.

ఫుట్‌బాల్‌లో ఆటగాడు క్లబ్ మారితే పేపర్లలో కనిపించే పెద్ద అంకె పాత క్లబ్‌కు వెళ్లే బదిలీ సొమ్ము. అతని జీతం వేరే లెక్క. ఐపీఎల్‌లో వేలంలో పలికిన ధరే జీతం. పైగా అది టీవీలో, అందరి కళ్ల ముందు పలుకుతుంది. మన దగ్గర పేరు పక్కనే రేటు అతుక్కుపోవడానికి ఇదే కారణం. 2009లో ఫ్లింటాఫ్, పీటర్సన్ చెరో 15.5 లక్షల డాలర్లు పలికారు. ఫ్లింటాఫ్ మోకాలు దెబ్బతిని మూడు మ్యాచులకే వెళ్లిపోయాడు. 2015లో ఢిల్లీ 16 కోట్లు పెట్టిన యువరాజ్ 248 పరుగులు చేసి, ఏడాది తిరక్కుండానే బయటికొచ్చాడు. 2016లో అతన్ని 7 కోట్లకు తీసుకున్నది మన హైదరాబాద్ సన్‌రైజర్స్. బెంగళూరుతో ఫైనల్లో 23 బంతుల్లో 38 కొట్టాడు, కప్పు మనకొచ్చింది. రేటు సగానికి పడిపోయినంత మాత్రాన ఆట సగం కాలేదు.

అసలు సంగతి హ్యారీ బ్రూక్ దగ్గర బాగా తెలుస్తుంది. 2022 డిసెంబర్ 23, కొచ్చి. అప్పుడే పాకిస్తాన్‌లో మూడు టెస్టు సెంచరీలు కొట్టి వచ్చిన కుర్రాడు, పాట మొదలయ్యే బేస్ ధర కోటిన్నర. వేలం మొదలైన కాసేపటికే అతని పేరొచ్చింది. సన్‌రైజర్స్ పర్సులో 42.25 కోట్లున్నాయి, రాజస్థాన్ దగ్గర ఉన్నదే 13.2 కోట్లు. రాజస్థాన్ 13 కోట్ల దాకా పాట పెంచింది, ఆ పైన పాడటానికి డబ్బు లేదు. సన్‌రైజర్స్ 13.25 అనడంతో పాట ఆగింది. ఎదుటి జట్టు పర్సు ఎక్కడ ఖాళీ అయిందో ఆ అంకె చెబుతుంది. బ్రూక్ ఎన్ని పరుగులు చేస్తాడన్నది అందులో ఎక్కడుంది? ఈడెన్‌లో సెంచరీ చేశాడు, మిగతా పది మ్యాచుల్లో కలిపి 90. మనం ఆఖరి స్థానంలో నిలిచాం, తిట్లు మాత్రం అతనికి పడ్డాయి.

పంత్ విషయమూ అంతే. 2024 నవంబర్‌లో జెడ్డాలో జరిగిన వేలంలో లక్నో పాట 20.75 కోట్ల దగ్గర నిలిచింది. పాత జట్టు ఢిల్లీ ఆర్‌టీఎం వాడుతామంది, అంటే అదే ధర ఇచ్చి తన ఆటగాడిని తిరిగి తీసుకునే హక్కు. అప్పుడు పాట గెలిచిన జట్టు ధరను ఒక్కసారి పెంచుకోవచ్చన్నది ఆ ఏడాది కొత్త నిబంధన. ఢిల్లీ వెనక్కి తగ్గాలని లక్నో ఒకేసారి 27 అంది. ఆ ఆరుంపావు కోట్లు నిబంధన పుణ్యాన వచ్చినవి. పంత్ నోరు తెరిచి అడిగినవి కావు.

పెద్ద వేలాల మధ్య ఏళ్లలో జరిగే చిన్న వేలాల్లో ఇది మరీ ఎక్కువ. మంచి ఫాస్ట్ బౌలర్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, కావలసిన జట్లు ఐదారు ఉంటాయి. 2023 డిసెంబర్‌లో మిచెల్ స్టార్క్ కోసం కోల్‌కతా, గుజరాత్ పోటీపడితే 24.75 కోట్లయింది. మొదటి మ్యాచ్‌లో మనవాళ్లు అతని ఒక్క ఓవర్లోనే 26 కొట్టారు. రెండు మ్యాచులయ్యేసరికి 8 ఓవర్లు, 100 పరుగులు, వికెట్ లేదు. "బంతికి ఇన్ని లక్షలు" అని లెక్కలు కట్టి నవ్వుకున్నాం. అదే స్టార్క్ క్వాలిఫయర్లో రెండో బంతికే మన ఓపెనర్ హెడ్‌ను బౌల్డ్ చేశాడు. చెపాక్ ఫైనల్ తొలి ఓవర్లో లోపలికి వస్తున్నట్టే వచ్చి బయటికి తిరిగిన బంతి అభిషేక్ ఆఫ్ వికెట్‌ను లేపేసింది. 113కే ఆలౌటయ్యాం.

చిన్న వేలంలో విదేశీ ఆటగాడికి దక్కే సొమ్ముకు బీసీసీఐ తర్వాత హద్దు పెట్టింది. పాట ఎంత దాకా వెళ్లినా అతనికి 18 కోట్లకు మించి రాదు, పైది బోర్డుకు వెళ్తుంది. 2025 డిసెంబర్‌లో కామెరూన్ గ్రీన్‌ను కోల్‌కతా 25.20 కోట్లకు కొంది. అతని చేతికొచ్చేది 18 కోట్లే, పేరు పక్కన రాసేది మాత్రం 25.20.