కన్వీనర్ సీటు, మేనేజ్‌మెంట్ సీటు: ఒకే బెంచీ, రెండు లెక్కలు

హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీల స్టాఫ్ రూముల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: డబ్బున్నోళ్ల పిల్లలకు చదువు పట్టదు, లేనోళ్ల పిల్లలకే కసి. యాజమాన్యమే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా అంటే వెనక బెంచీ, ప్రవేశ పరీక్ష ర్యాంకుతో వచ్చే కన్వీనర్ కోటా అంటే ముందు బెంచీ అని ముద్ర కూడా వేసేస్తారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాకపోతే ఇది పిల్లల గుణం కంటే, సీట్లకు రెండు ధరలు కట్టిన తీరు గురించే ఎక్కువ చెబుతుంది. ఆ కథ కాస్త పాతదే.

నిజాం కాలంలో ఈ తగాదాకే చోటు లేదు. పై చదువుల దాకా వచ్చేవాళ్లు చాలావరకు కలిగినింటి పిల్లలే. జాగీర్దారుల కొడుకుల కోసం 1923లో జాగీర్దార్ కాలేజీ పెట్టారు. పేరుకు కాలేజీ గానీ అది బడే. అక్కడ పరీక్ష తప్పినా జాగీరు ఎక్కడికీ పోదు, ఇక రాత్రంతా మేలుకుని చదవాల్సిన అవసరం ఏముంటుంది? అలాగని డబ్బుంటే శ్రద్ధ ఉండదని తేల్చేయడానికీ లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైన 1918లోనే, హైదరాబాద్ కొత్వాల్‌గా (నగర పోలీసు అధిపతిగా) పేరుపొందిన రాజబహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో రెడ్డి హాస్టల్ వచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి దాని బాధ్యతలు చూశారు. ఊళ్లో భూములున్న ఇళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు అక్కడ పుస్తకాలూ పత్రికలూ చదివి, రాజకీయాలు మాట్లాడుకుని వేరే మనుషులయ్యారు.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. రెండేళ్లకు ఆ జాగీర్దార్ కాలేజీ హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌గా మారి అందరికీ తలుపులు తెరిచింది. అందరికీ అంటే, ఫీజు కట్టగలిగిన అందరికీ. జాగీరు రాసివ్వడం కుదరని రోజులు వచ్చాక, పెద్దింటివాళ్లకు కూడా డిగ్రీ అవసరమైంది.

సీట్లేమో తక్కువ. ప్రభుత్వ కాలేజీలో సీటు రాకపోతే, డబ్బున్నవాళ్లు డొనేషన్ కట్టి కర్ణాటకలో చేర్పించేవాళ్లు. ఇక్కడ 1983లోనే క్యాపిటేషన్ ఫీజును, అంటే ఈ డొనేషన్‌నే, నిషేధిస్తూ చట్టం తెచ్చారు. అయినా 1992లో ప్రైవేటు మెడికల్ కాలేజీల అనుమతుల గొడవ ముదిరి, హైకోర్టు తప్పుపట్టాక ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి రాజీనామా చేయాల్సి వచ్చింది. ఒక సీఎం కుర్చీ పోయేంత విలువ సీటుకు వచ్చిందన్నమాట. మరుసటి ఏడాది, 1993 ఫిబ్రవరిలో, ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీల సీట్లను సగం ఫ్రీ, సగం పేమెంట్ అని విడగొట్టింది. నా లెక్కలో అసలు మలుపు ఇదే. అప్పటిదాకా డబ్బు పనల్లా కాలేజీ గేటు దాటనివ్వాలా వద్దా అన్నదాకే. ఇప్పుడది తరగతి గదిలోకి వచ్చి, పక్కపక్క సీట్ల మధ్య కూర్చుంది. 2002లో సుప్రీంకోర్టుదే అయిన టీఎంఏ పాయ్ తీర్పు ఆ పద్ధతిని పక్కన పెట్టినా విభజన మాత్రం పోలేదు. నేడు 70 శాతం కన్వీనర్‌ది, 30 శాతం మేనేజ్‌మెంట్‌ది.

2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, అంటే పేద విద్యార్థుల ఫీజు సర్కారే కట్టే పథకం. కూలి పని చేసే ఇంటి పిల్ల, సాఫ్ట్‌వేర్ మేనేజర్ కొడుకు ఒకే ల్యాబ్‌లో చేరారు. ఇద్దరికీ సిలబస్ ఒకటే, తప్పితే పడే దెబ్బ మాత్రం ఒకటి కాదు. ఆ అమ్మాయి డిటెయిన్ అయితే, అంటే అదే ఏడాది మళ్లీ చదవాల్సి వస్తే, అదే ఏడాదికి సర్కారు మళ్లీ ఫీజు కట్టదు, ఇంట్లో పెళ్లి మాట మొదలవుతుంది. అబ్బాయికైతే ఒక సంవత్సరం పోతుంది, అంతే. జేఎన్‌టీయూ నిబంధనల్లో హాజరు 75 శాతం ఉండాలి. 65 దాటి 75కు తగ్గితే సరైన కారణం చూపి, తగ్గిన హాజరును మన్నించేందుకు తీసుకునే కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. ఆ ఫీజు పెద్ద మొత్తమేం కాదు గానీ, ఎవరికి అది చిల్లర, ఎవరికి నెల మెస్ బిల్లు అన్నదే తేడా.

అమెరికాలో సోషియాలజిస్టు లారా హామిల్టన్ 2013లో ప్రచురించిన అధ్యయనం ఆ స్టాఫ్ రూమ్ మాటకు గట్టిగానే తగులుతుంది. తల్లిదండ్రులు పెట్టే డబ్బు పెరిగేకొద్దీ పిల్లల మార్కులు తగ్గాయి. కానీ డిగ్రీ పూర్తి చేసే అవకాశం మాత్రం పెరిగింది. అంటే వాళ్లు సోమరులై చదువు వదిలేసినవాళ్లు కారు, పాసయ్యేంత వరకు చదివి అక్కడ ఆగినవాళ్లు. మన దగ్గర ‘పాసైతే చాలు, ఎమ్మెస్‌కు పంపిస్తాం’ అనే ఇళ్లను చూసినవాళ్లకు ఇది వింతేమీ అనిపించదు.

కలిగిన ఇళ్లన్నీ కూడా ఒకటి కావు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం, ఆ వెనకే ఔటర్ రింగ్ రోడ్ వచ్చాక చుట్టుపక్కల ఊళ్లలో రెండెకరాలున్న రైతు కూడా కోట్ల ఆసామి అయ్యాడు. అతని కొడుకు మేనేజ్‌మెంట్ సీట్లో కూర్చున్నా, ఇంట్లో ఇంజనీరింగ్ గురించి చెప్పేవాళ్లు లేరు. బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఎలా క్లియర్ చేయాలో, ప్రాజెక్టుకు ఎవర్ని అడగాలో తెలియదు. స్టాఫ్ రూమ్‌లో అతన్ని ‘డబ్బు మదం’ ఖాతాలో వేసేస్తారు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

రెండోవైపు ‘కసి’ని పొగడటంలో కూడా తిరకాసుంది. పేదరికం పిల్లల్ని చదివిస్తుందని చెప్పుకుంటే సర్కారు పని సులువైపోతుంది. రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుని, 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగాయి. ఆ డబ్బు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, ఉద్యోగం వచ్చిన విద్యార్థి జాయినింగ్ తేదీలోగా వడ్డీకి తెచ్చి బాకీ కట్టుకోవాలి. అన్న చదువుకు ఇలా అప్పు చేయడం చూసిన తమ్ముడు, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ దరఖాస్తు నింపాలా వద్దా అని ఆలోచిస్తాడు.