దాత ఇచ్చిన సొమ్ము మెస్ బిల్లు దాకా ఎందుకు రావడం లేదు?

తెలుగునాట చదువుకు చేసే దానం మొదట్లో అన్నం రూపంలోనే ఉండేది. ఊరుగాని ఊరు వచ్చిన కుర్రాడు వారాలు చేసుకునేవాడు: సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట. ఆ ఇల్లాలికి ఒంట్లో బాగోలేకపోతే ఆ పూటకు పస్తే. పైగా వారం దొరకడమూ కులాన్ని బట్టే ఉండేది. ఆ లోటు పూడ్చడానికే సంఘాలు పూనుకుని వసతి గృహాలు కట్టాయి. హైదరాబాద్‌లో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ వాటిలో పేరెన్నికగన్నది.

విశ్వవిద్యాలయాలకు అన్నం ఒక్కటే చాలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి, 1930లో విశాఖలోని వాల్తేరు చేరింది. సరిగ్గా ఆర్థిక మాంద్యం రోజులవి. ఆ కాలంలో ఇప్పటి ఒడిశాలోని జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. సైన్స్ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఇందులో అసలు గొప్పదనం లక్షలో కంటే ‘ఏటా’ అన్న మాటలో ఉంది. భవనం ఒకసారి కడితే నిలిచిపోతుంది. అధ్యాపకుల జీతాలు, ప్రయోగశాలకు కావలసిన రసాయనాలు ప్రతి సంవత్సరమూ అడుగుతాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాన్ బాంబులు పడ్డాయి. ఆ యుద్ధకాలంలోనే విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. అలాంటప్పుడు అక్కరకొచ్చేది చేతిలో ఉన్న డబ్బే, గోడ మీది శిలాఫలకం కాదు.

జమీందారీలు రద్దయ్యాక అంత పెద్ద చేతులు తగ్గాయి. వాటి స్థానంలో ఎండోమెంట్లు వచ్చాయి: అసలు బ్యాంకులో ఉంటుంది, వడ్డీ ఖర్చవుతుంది. చిక్కు అక్కడే. 1975లో తండ్రి పేరిట ఒకరు బంగారు పతకానికి 10,000 రూపాయలు జమ చేశారనుకుందాం. 8 శాతం వడ్డీకి ఏడాదికి 800. అప్పట్లో పది గ్రాముల బంగారం కొన్నా ఇంకా మిగిలేది. ఇప్పుడా 800తో గ్రాములో పదో వంతు కూడా రాదు. అందుకే చాలాచోట్ల పతకం వెండిదై, పైన బంగారు పూత మిగిలింది. వడ్డీలో కొంత తిరిగి అసలులో కలపాలని ఒప్పందపత్రంలో ఒక్క వాక్యం రాసుంటే ఇలా జరిగేది కాదు. 10 లక్షలపై 7 శాతం వస్తే 70,000. అందులో 50,000 ఖర్చుపెట్టి 20,000 అసలుకు చేర్చాలి.

రెండో తప్పు షరతుల్లో ఉంది. ‘ఫలానా సబ్జెక్టులో ప్రథముడికి’ అని రాస్తే, తండ్రి మంచాన పడి మూడు నెలల మెస్ బాకీ పేరుకున్న పిల్లకు అందులోంచి రూపాయి ఇవ్వలేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై సర్టిఫికెట్లు ఆగిన వాళ్లకూ అంతే. కష్టకాలపు నిధి పత్రంలో మెస్ బాకీ, పరీక్ష ఫీజు, వైద్యం, ఇంటికి వెళ్లే ఛార్జీలు పేర్లు పెట్టి రాయాలి. విభాగాధిపతి, వార్డెన్ ఇద్దరి సంతకాలతో మూడు రోజుల్లో డబ్బు అందాలి. కమిటీ కూర్చునేదాకా ఆగితే ఆ అమ్మాయి ఊరికి వెళ్లిపోయి ఉంటుంది.

గెస్ట్ ఫ్యాకల్టీని, అంటే పాఠానికింత అని తీసుకుని చెప్పే తాత్కాలిక అధ్యాపకులను, దాతలు దాదాపుగా మరిచిపోయారు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2019లో పాఠానికి 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా అని చెప్పింది. పాఠం చెబితేనే ఆ డబ్బు. 2020లో క్యాంపస్‌లు మూతపడ్డప్పుడు ఈ లెక్క ఎంత కర్కశమో తెలిసొచ్చింది. పత్రంలో ‘విద్యార్థులకు’ అని మాత్రమే ఉంటే వీళ్లకు ఇవ్వడానికి దారే లేదు. ‘బోధన సిబ్బందికి కూడా’ అని చేర్చమని దాతను అడగాలి.

ఇక విదేశాల నుంచి పూర్వ విద్యార్థుల సంఘానికి పంపేవాళ్లు ముందు పాస్‌పోర్టు చూసుకోవాలి. భారత పౌరులు అమెరికాలో ఉంటూ తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డున్నా, అది విదేశీ విరాళమే. అది తీసుకోవాలంటే సంఘానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయడమూ కుదరదు. కాబట్టి ఏ ఖాతాకు పంపాలో మొదటే అడిగి తెలుసుకోవాలి.