రథం రోజున ధర్మకర్త ఎక్కడుండాలి?

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నీ ప్రశ్న అమ్మ ఫోనులో చదివి వినిపించింది. అక్క చదివే యూనివర్సిటీకి ఫుట్‌బాల్ మ్యాచ్ (అదే, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే మీ అమెరికా ఆట) చూడ్డానికి వెళ్ళారట. అక్కడ ఆ యూనివర్సిటీకి పెద్ద అయిన ప్రెసిడెంటు గారు కూడా పిల్లల్లాగే రంగు చొక్కా వేసుకుని, చప్పట్లు కొడుతూ అరిచారట. "అంత పెద్దాయనకి వేరే పని లేదా తాతయ్యా?" అని నీ అనుమానం. మంచి అనుమానమే. మీ నాన్నకి చదువుకునే రోజుల్లో ఇలాంటివి వచ్చేవి కావు. పరీక్షలో రాని సంగతుల మీద వాడికి అనుమానాలే ఉండేవి కావు.

మన మంగళగిరి సంగతితో మొదలుపెడతాను. కింద గుళ్ళో లక్ష్మీనరసింహస్వామి ఉంటాడా, ఏడాది పొడుగునా పూజారులు, భక్తులు, మొక్కులున్నవాళ్ళు లోపలికి వెళ్ళి దర్శనం చేసుకుంటారు. బజార్లో కొట్టున్నవాడు, మగ్గం ముందు కూర్చునేవాడు రోజూ గాలిగోపురం ముందునుంచే నడుస్తారు గాని లోపలికి పోయే తీరిక ఉండదు. ఫాల్గుణంలో తిరునాళ్ళకి మాత్రం స్వామే బయటికొచ్చి రథమెక్కుతాడు. అప్పుడు మోకు పట్టుకున్న చేతుల్లో ఏది కొట్టువాడిదో, ఏది నేతగాడిదో, ఏది వేదం చదివినవాడిదో ఎవడికి కావాలి? చెయ్యి ఆనిందా లేదా అంతే.

యూనివర్సిటీకి గర్భగుడి అంటే క్లాసు, లైబ్రరీ, లేబరేటరీ. కెమిస్ట్రీ చదివేవాడికి పక్క బిల్డింగులో చరిత్ర చదివేవాడి మొహం కూడా తెలియదు. చదువు చాలావరకు ఒంటరి పని మరి. శనివారం మ్యాచ్ ఉందంటే వాళ్ళంతా ఒకే రంగు చొక్కాలు వేసుకుని ఒకే చోట చేరతారు. ఎప్పుడో చదివి వెళ్ళిపోయిన ముసలివాళ్ళు మనవళ్ళని వెంటేసుకుని వస్తారు. ఆ లైబ్రరీ మెట్లు ఒక్కసారీ ఎక్కని ఊరివాడు కూడా "మన టీమ్" అంటాడు. ఆరోజు ప్రెసిడెంటనే ధర్మకర్త ఇంట్లో కూర్చుని లెక్కల పుస్తకం చూసుకుంటానంటే ఊరు ఊరుకుంటుందా?

మీరుండే అరోరా ఊరికి గంట ప్రయాణంలో, షికాగోలో, ఇలాంటి ధర్మకర్త ఒకాయన ఉండేవాడు. పేరు విలియం రైనీ హార్పర్. పదేళ్ళకే కాలేజీలో చేరి 14 ఏళ్ళకి డిగ్రీ తెచ్చుకున్నాడు. హీబ్రూ భాషలో పండితుడు. అలాంటివాడికి ఆటలంటే చిరాకుండాలి కదా? చమురు వ్యాపారంలో కోట్లు గడించిన రాక్‌ఫెల్లర్ ఇచ్చిన డబ్బుతో షికాగో యూనివర్సిటీ పెట్టి, 1892 అక్టోబరులో తలుపులు తెరిచాడు. ఇంకా తెరవకముందే ఆయన మాట్లాడి పెట్టుకున్నవాళ్ళలో ఒక కోచ్ ఉన్నాడు. ఆమోస్ అలోంజో స్టాగ్ అని, యేల్ యూనివర్సిటీలో హార్పర్ దగ్గరే బైబిల్ చదువుకున్న శిష్యుడు. అతనికి అసోసియేట్ ప్రొఫెసర్ హోదా ఇచ్చి మరీ తెచ్చుకున్నాడు. మొదటి ఏడాది ఆడేవాళ్ళు చాలక స్టాగే టీమ్‌లో చేరి ఆడాడు. కోచ్ ఆయనే, ఆటగాడూ ఆయనే!

(వివేకానందుడు 1893లో షికాగోలో ప్రసంగించాడని చెప్పాను గుర్తుందా? ఆ ఏడాది అక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శనలోనే మొట్టమొదటి జెయింట్ వీల్ తిరిగింది. అది ఈ కొత్త యూనివర్సిటీ పక్కనే. అంత పెద్ద చక్రం కిటికీలోంచి కనిపిస్తుంటే పాఠం ఎలా విన్నారో ఆ పిల్లలు.)

హార్పర్ తొందర నాకు అర్థమవుతుంది. కొత్తగా కట్టిన గుడికి స్థలపురాణం ఉండదు. హార్వర్డ్‌కి, యేల్‌కి తాతముత్తాతల కథలున్నాయి. షికాగోకి కొత్త రాళ్ళు తప్ప ఏమున్నాయి? పురాణం లేని గుడికి జనం రావాలంటే ముందు మంచి రథం చేయించాలి. చేయించాడు. 1905లో థాంక్స్‌గివింగ్ పండగ రోజున మిచిగన్ యూనివర్సిటీ టీమ్ వచ్చింది. వరసగా 56 ఆటల్లో ఓటమి ఎరగని టీమ్ అది. మిచిగన్ కుర్రాడొకడు బంతితో తన గోల్ గీత వెనకే అవతలివాళ్ళకి దొరికిపోయాడు. అందుకు రెండు పాయింట్లు. ఆట మొత్తానికి అవే. షికాగో 2, మిచిగన్ 0. హార్పర్ అప్పటికే కాన్సర్‌తో బాధపడుతున్నాడు. ఆ తర్వాత ఆరు వారాలకి పోయాడు, 49 ఏళ్ళకే.

మా హైస్కూలు హెడ్మాస్టారు గుర్తొస్తున్నారు. తెల్ల పంచె, చంకలో గొడుగు. ఆయన వరండాలోకి వస్తే మేం గోడకి అతుక్కుపోయేవాళ్ళం. పక్క ఊరి బడితో చెడుగుడు పోటీ అంటే మాత్రం, డ్రిల్లు మాస్టారు ముగ్గుతో గీతలు పోస్తున్నప్పుడే వచ్చి నిలబడేవారు. మా క్లాసులో కూతకి వెళ్ళేవాడు ఒకడుండేవాడు. లెక్కల్లో వాడి మార్కులు రెండంకెలు దాటడం మాట అటుంచు, చేరేవే కావు. ఒకసారి కూతకి వెళ్ళి ఇద్దరి చేతుల్లో ఇరుక్కుని బొక్కబోర్లా పడ్డాడు. ఒకడు నడుం పట్టుకున్నాడు, ఇంకొకడు చీలమండ. వీడు మధ్య గీత వైపు వేళ్ళు చాపుతూ, నోట్లోకి మట్టి పోతున్నా గుక్క విడవకుండా "చెడుగుడు చెడుగుడు" అంటూనే ఉన్నాడు. హెడ్మాస్టారు గొడుగు కింద పారేసి "పాకరా! పాకరా వెధవా!" అని కేక పెట్టారు. ఆ కేక వినగానే, పాపం, అవతలి టీమ్ వాళ్ళు కూడా ఒక్క క్షణం బిగుసుకుపోయారు. వాడి వేలు ముగ్గుని తాకింది.

మర్నాడు ప్రేయర్‌లో ఆయన వాడి పేరు ఇంటిపేరుతో సహా చదివారు. అప్పటిదాకా వాడికి ఇంటిపేరుందని మాకెవరికీ తెలియదు. లెక్కల్లో పాసయ్యాడా అంటే, లేదు. బడి మాత్రం మానలేదు.

అయితే బుజ్జీ, రథం సంగతి ఇంకా ఉంది. లాగేవాళ్ళు వందలమంది ఉంటారు. పల్లంలో అది జనం మీదికి పోకుండా చక్రాల కింద చెక్కదిమ్మలు వేసేవాళ్ళు కొద్దిమందే. వాళ్ళు చెయ్యి జారితే ఎంత భక్తి ఉండీ లాభం లేదు. మిచిగన్‌ని ఓడించారని చెప్పానే, ఆ 1905లోనే అమెరికాలో ఫుట్‌బాల్ ఆడుతూ కుర్రాళ్ళు చనిపోయారు, పదిమందికి పైనే. అప్పటి దేశాధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళని వైట్‌హౌస్‌కి పిలిచి మాట్లాడాల్సి వచ్చింది. మర్నాటి ఏడాది నియమాలు మార్చారు. మీరు టీవీలో చూస్తారే, బంతిని దూరంగా ముందుకి విసరడం, దానికి అనుమతి అప్పుడే వచ్చింది. గుంపుగా మీదపడి తొక్కేసుకునే ఆట కొంచెం విడివడింది.

దెబ్బలే కాదు, ఇంకో రకం పల్లం కూడా ఉంది. నేను చదివిన కాలేజీలో ఆటగాళ్ళకి క్లాసుకి రాకపోయినా హాజరు పడేది. మాకు కుళ్ళుగా ఉండేది గాని, నష్టపోయింది వాళ్ళే. కాళ్ళలో బలం తగ్గాక వాళ్ళ చేతిలో ఏమీ మిగల్లేదు. కప్పులు బీరువాలో కాలేజీకే ఉండిపోయాయి. ప్రెసిడెంటన్నవాడు చప్పట్లు కొట్టాలి, ఆ చప్పట్లు కొట్టే చేత్తోనే దిమ్మ కూడా వెయ్యాలి. చొక్కా వేసుకుని అరవడం ఇందులో తేలిక పని.

షికాగోలో తర్వాత ఒకాయన రథాన్నే ఆపేశాడు. రాబర్ట్ హచిన్స్, 30 ఏళ్ళకే ప్రెసిడెంటైనవాడు. 1935లో దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ మొదటిసారి ఇస్తే అది షికాగో కుర్రాడు జే బెర్వాంగర్‌కి వచ్చింది. నాలుగేళ్ళు తిరిగేసరికి అదే మిచిగన్ చేతిలో 85-0తో ఓడారు. ఆ డిసెంబరులో హచిన్స్ ఫుట్‌బాల్ తీసేశాడు. చదువుకి అడ్డమన్నాడు. నేనైతే హార్పర్ పక్షం. కాని హచిన్స్‌ని తిట్టలేను, ఎందుకంటే తర్వాత జరిగింది చూడండి.

స్టాగ్ పేరు పెట్టిన ఆ స్టేడియం ఖాళీగా పడి ఉంది. పడమటి గ్యాలరీ కింద స్క్వాష్ లాంటి, బ్యాటుతో బంతి కొట్టే ఆటలకి కట్టిన గది ఒకటుంది. 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మీ అనే భౌతిక శాస్త్రవేత్త, ఆయన బృందం ఆ గదిలో గ్రాఫైటు దిమ్మెలు, యురేనియం పేర్చి, మనిషి చేతిలో అదుపుగా నడిచిన మొట్టమొదటి అణు గొలుసు చర్య (ఒక పరమాణువు చీలి పక్కవాటిని చీల్చుకుంటూ పోవడం) జరిపారు. జనం కూర్చుని అరిచే బల్లల కింద! ఇక్కడికి నా రథం రాదు. లాగినంత దూరం లాగాను. ఆటస్థలం గర్భగుడి అయిపోయిన సంగతి నేను ఏ పోలికతోనూ చెప్పలేను, మీరే ఆలోచించుకోండి.

ఫుట్‌బాల్ 1969లో మళ్ళీ వచ్చింది, చిన్నదిగా, ఆట కోసం ఎవరికీ స్కాలర్‌షిప్ ఇవ్వకుండా.

నాన్నని ఒక శనివారం అక్కడికి తీసుకెళ్ళమనండి. పాత మైదానం ఉన్నచోట ఇప్పుడు పెద్ద లైబ్రరీ ఉంది. పక్కన ఎల్లిస్ అవెన్యూలో, ఆ అణు ప్రయోగం జరిగినచోట, హెన్రీ మూర్ అనే శిల్పి చేసిన కంచు బొమ్మ ఉంటుంది. ఒకవైపునుంచి ఒకలా, ఇంకోవైపునుంచి ఇంకోలా కనిపిస్తుందట. చుట్టూ తిరిగి చూసి, చిన్నా, నీకేమనిపించిందో బొమ్మ గీసి పంపు. తర్వాత కాటేజ్ గ్రోవ్ వైపున్న కొత్త స్టాగ్ ఫీల్డ్‌కి నడవండి. పాత స్టేడియం గేటు ఒకటి ఊడదీసి అక్కడ నిలబెట్టారు. ఎవర్నీ అడక్కుండా వెతకండి. మ్యాచ్ ఉంటే కూర్చోండి. అక్కడి ప్రెసిడెంటు వచ్చినట్టు తెలిస్తే కాసేపు బంతిని వదిలేసి ఆయన్ని చూడండి. ఆయన స్కోరు బోర్డు చూస్తున్నాడా, దెబ్బ తగిలి బెంచీ మీద కూర్చున్న కుర్రాణ్ణి చూస్తున్నాడా, అది నాకు రాయండి.

చలి మొదలైంది కదా, స్వెట్టర్లు మరిచిపోకండి.

మీ తాతయ్య