ప్రోటీన్ క్రిస్టల్స్, రోబోలు: నాకు తరచూ వినపడే అపోహలు

ప్రోటీన్ ఆకారం తెలుసుకోవాలంటే దాన్ని చిన్న ద్రవపు డ్రాప్‌లో క్రిస్టల్‌గా పెంచి, చల్లబరిచి, ఎక్స్‌రే కిరణం ముందు పెడతాం, అలా పెట్టే పనిలో రోబోలు వాడతాం.

అపోహ: రోబో క్రిస్టల్‌ని పట్టుకుని నలిపేస్తుంది.

అసలు క్రిస్టల్‌ని అది ముట్టుకోదండి. క్రిస్టల్ ఉండేది సన్నటి నైలాన్ లూప్‌లో, ఆ లూప్ ఓ చిన్న పిన్ను చివర ఉంటుంది, పిన్ను కింద స్టీల్ బేస్, రోబో పట్టుకునేది ఆ బేస్‌నే. తీసుకెళ్ళి గోనియోమీటర్ (ఎక్స్‌రే ముందు క్రిస్టల్‌ని నిలబెట్టి తిప్పే పరికరం) మీద పెడితే అక్కడున్న అయస్కాంతం లాగేసుకుంటుంది. యూనీపక్ అనే పిన్నుల డబ్బాకి 16 పిన్నులు, అన్నీ -196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో మునిగి ఉంటాయి, బయటికి తీసిన దగ్గర్నుంచి 100 కెల్విన్ (సుమారు -173 డిగ్రీలు) చల్లగాలి తగిలేదాకా క్రిస్టల్ వేడెక్కకూడదు, మనిషి చెయ్యి రాత్రి మూడింటికి అలిసిపోతుంది కానీ రోబో ప్రతిసారీ ఒకేలా చేస్తుంది, నాకు దాంట్లో నచ్చేది ఇదే.

అపోహ: క్రిస్టల్ కదా, ఉప్పు కల్లులా గట్టిగా ఉంటుంది.

కాదు. చాలావాటిలో దాదాపు సగం నీళ్ళే, సైజు చూస్తే 0.1 మిల్లీమీటర్ ఉంటే సంతోషం. డ్రాప్ మీది సీల్ తీసిన క్షణం నుంచీ ఆరిపోతూ ఉంటుంది.

అపోహ: ఇప్పుడన్నీ రోబోలే చేసేస్తున్నాయి.

ఇది మాత్రం నిజం కాదు, గట్టిగా చెప్తున్నా. 100 నానోలీటర్ల డ్రాప్స్ వెయ్యడం, రోజూ ఫోటోలు తియ్యడం మెషీన్లే చూస్తాయి, కానీ డ్రాప్‌లోంచి క్రిస్టల్‌ని లూప్‌తో ఎత్తడం చాలా ల్యాబుల్లో ఇంకా చేతి పనే. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఈఎమ్‌బీఎల్ (యూరప్ దేశాల మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్) వాళ్ళ క్రిస్టల్‌డైరెక్ట్ పద్ధతిలో పల్చటి ఫిల్మ్ మీద పెంచి, చుట్టూ లేజర్‌తో కోసి మెషీనే ఎత్తేస్తుంది, అద్భుతమైన పని, కానీ అన్నిచోట్లా లేదు. ఇంగ్లండ్‌లో డైమండ్ సింక్రోట్రాన్ (బలమైన ఎక్స్‌రేలు పుట్టించే కేంద్రం) దగ్గర ఎక్స్‌కెమ్ అనే బృందం వాళ్ళు మధ్యేమార్గం పట్టారు, మందు ఫ్రాగ్మెంట్‌ని (మందు తయారీకి మొదటి మెట్టయ్యే చిన్న అణువుని) శబ్ద తరంగాలతో డ్రాప్‌లో క్రిస్టల్‌కి కాస్త పక్కగా పడేస్తారు, షిఫ్టర్ అనే మెషీన్ ప్లేట్‌ని జరిపి ఆ డ్రాప్‌ని మైక్రోస్కోప్ కిందకి తెస్తుంది, ఎత్తేది మాత్రం మనిషే. 2020లో కోవిడ్ వైరస్ పెరగడానికి కావాల్సిన మెయిన్ ప్రోటియేజ్ అనే ఎంజైమ్ మీద 1250కి పైగా ఫ్రాగ్మెంట్లు పరీక్షించి యాక్టివ్ సైట్‌లో (ఎంజైమ్ పనిచేసే చోట) 71 హిట్స్, అంటే అక్కడ అతుక్కున్న ఫ్రాగ్మెంట్లు, పట్టింది ఈ ఏర్పాటుతోనే. ఇలా పని పంచుకుంటేనే మా ఫీల్డ్‌కి ఎక్కువ మేలు జరిగిందని నా నమ్మకం.

అపోహ: రోబో ఉంటే డేటా బాగా వస్తుంది.

చెడిపోయిన క్రిస్టల్‌ని బాగుచెయ్యడం దాని వల్ల కాదు. చల్లబరిచేటప్పుడు ఐస్ కట్టకుండా కాపాడే గ్లిసరాల్ లాంటి క్రయో సరిపోకపోతే లోపల ఐస్ కట్టేస్తుంది, ఆ నష్టం రోబో చేతికి రాకముందే అయిపోయింది. పిన్ను వంగినా, పొడవు ఆ బీమ్‌లైన్‌కి (ఎక్స్‌రే కిరణం వచ్చే ప్రయోగ స్థలానికి) సరిపోకపోయినా, బేస్ మీద మంచు పేరుకున్నా రోబో పిన్నుని జారవిడిచే ప్రమాదం ఉంది, అందుకే పక్‌లో పెట్టేముందు ప్రతి పిన్నూ చూసుకోండి, నైట్రోజన్‌లో మంచు తేలుతుంటే పారబోసి కొత్తది పోసుకోండి.