తుఫాను తీరం దాటేలోపు మనిషి ఇల్లు దాటడెందుకు?

ప్రతి తుఫాను తర్వాతా ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "ముందే చెప్పాం, జనమే వినలేదు." ఇందులో మొదటి సగం గత యాభై ఏళ్లలో చాలావరకు నిజమైంది. ఉపగ్రహాలు, డాప్లర్ రాడార్లు, ఫోన్లకు వచ్చే సందేశాల పుణ్యమా అని బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టగానే దాని జాతకం బయటపడుతోంది. నా పేచీ అంతా రెండో సగంతోనే. వినకపోవడం వేరు, విన్న తర్వాత కదలకపోవడం వేరు. హెచ్చరిక విన్న మనిషి ఆకాశం వైపు చూస్తాడు. పక్కింటివాళ్లను అడుగుతాడు. ఊళ్లో పెద్దవాళ్లు ఏమంటున్నారో కనుక్కుంటాడు. గొడ్లను ఎక్కడ కట్టాలా అని ఆలోచిస్తాడు. ఈ తటపటాయింపులో మూర్ఖత్వం పాలు చాలా తక్కువ. తన దగ్గరున్న సమాచారంతో, తనకున్న ఆస్తిని బట్టి వేసుకునే లెక్క అది. ఆ లెక్క తప్పవచ్చు. ఎక్కడ తప్పుతోందో తెలియాలంటే ముందు లెక్కేమిటో చూడాలి.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెననే తీసుకుందాం. అది చెప్పాపెట్టకుండా వచ్చిన తుఫాను కాదు. రేడియోలో చెప్పారు. సరిగ్గా వారం ముందు, నవంబరు 12న, మరో తుఫాను నాగపట్నం దగ్గర తీరం దాటింది కూడా. అయినా అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది చనిపోయారు. తుఫాను కేంద్రం తీరం దాటింది చీరాల దగ్గర. ప్రాణనష్టం మాత్రం ఎక్కువగా అక్కడికి అరవై కిలోమీటర్లకు పైగా తూర్పున, కృష్ణానది సముద్రంలో కలిసే లంకల్లో జరిగింది.

దీనికి కారణం గాలి తిరిగే దిశ. భూమధ్యరేఖకు ఉత్తరాన తుఫాను గాలులు గడియారం ముళ్లకు ఎదురుదిశలో తిరుగుతాయి. తుఫాను వెళ్తున్న వైపు ముఖం పెట్టి నిలబడితే కుడిచేతి వైపు గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తుంది, తుఫాను సొంత కదలిక కూడా ఆ వేగానికి తోడవుతుంది. ఎడమవైపు గాలి నేల మీది నుంచి సముద్రంలోకి పోతుంది. చీరాల వైపు వచ్చిన తుఫానుకు దివిసీమ సరిగ్గా కుడిచేతి వైపున ఉంది. తుఫాను నడుమ వాయుపీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. అంటే పీడనం ఎంత పడిపోయినా దానివల్ల పెరిగే నీరు అర మీటరు నుంచి మీటరు దాకానే. మిగిలినదంతా గాలి తోసుకొచ్చే నీరే. లోతు లేని సముద్రంలో ఆ నీటికి కిందికి జారుకునే చోటు ఉండదు, పైకి లేవడమొక్కటే దారి. కృష్ణా ముఖద్వారం దగ్గర అలా లేచిన నీరు ఐదారు మీటర్ల ఎత్తున నేల మీదికి వచ్చి పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకుపోయింది.

ఆ తీరంలో ఉన్నవాళ్లకు తుఫానంటే ఏమిటో తెలుసు. తెలిసిందల్లా గాలి, వాన. గాలికీ వానకీ మనిషి ఏం చేస్తాడు? ఇంటికప్పు మీద తాళ్లు బిగిస్తాడు, పశువులను పాకలో కట్టేస్తాడు, తలుపులు మూసుకుని లోపల కూర్చుంటాడు. గాలివాన విషయంలో ఇది తెలివైన పనే. నీరు గోడలా వచ్చినప్పుడు ఇంతకంటే ప్రమాదకరమైన చోటు మరొకటి లేదు. 'తుఫాను వస్తోంది' అన్న వాక్యం అక్షరాలా నిజమే అయినా, ఏం చేయాలో చెప్పే దగ్గర అది మనిషిని తప్పుదారి పట్టించగలదు. ఏది వస్తోందో చెప్పడంతో పని సగమే అవుతుంది. తన గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో చెప్పాలి.

ఇక రెండో చిక్కు. భారత వాతావరణ శాఖ 24 గంటల ముందు చెప్పే అంచనాలో తుఫాను కేంద్రం సగటున డెబ్భై, ఎనభై కిలోమీటర్లు అటూ ఇటూ అవుతోంది. రెండు దశాబ్దాల కిందట ఇది దాదాపు రెట్టింపు. శాస్త్రం బాగా ముందుకు వెళ్లిందన్నమాట నిజం. కానీ ఊరి వైపు నుంచి చూడండి. అటు ఎనభై, ఇటు ఎనభై కలిపితే నూట అరవై కిలోమీటర్ల తీరం. అందులో ఉప్పెన ముంచెత్తేది కొంత మేరకే. అది ఏ భాగమో ముందుగా తెలియదు కాబట్టి మొత్తం ఖాళీ చేయించాలి. అంచనా నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉన్నా, ఇల్లు వదిలిన కుటుంబాల్లో సగానికి పైగా తిరిగి వచ్చి చూసుకుంటే ఇల్లు చెక్కుచెదరకుండా ఉంటుంది. వాతావరణ కేంద్రంలో అది విజయం. ఊళ్లో అది 'అనవసరంగా తిప్పారు'.

వెంటనే అందరూ 'నాన్నా పులి' కథ గుర్తుచేస్తారు. రెండుసార్లు ఉత్తుత్తి హెచ్చరిక ఇస్తే మూడోసారి ఎవరూ నమ్మరని అధికారులకూ భయమే. ఆ కథకూ దీనికీ ఒక తేడా ఉంది. కథలో పిల్లవాడు అబద్ధం చెప్పాడు. ఇక్కడ పులి నిజంగానే వచ్చింది, కాకపోతే పక్క ఊరికి వెళ్లింది. ఈ తేడా జనానికి తెలియనిది కాదు. 1996 వేసవిలో అమెరికా తూర్పు తీరాన కరోలినా రాష్ట్రాలకు కొద్ది వారాల తేడాతో బెర్తా, ఫ్రాన్ అనే రెండు హరికేన్లు వచ్చాయి. మొదటిసారి అనవసరంగా కదిలామనుకున్నవాళ్లు రెండోసారి మొరాయించారా అని కర్స్టిన్ డౌ, సూసన్ కట్టర్ అనే పరిశోధకులు తీరవాసులను అడిగి చూశారు. ఆ ప్రభావం అనుకున్నంతగా కనబడలేదు. దెబ్బ తప్పిపోయిన కారణాన్ని విడమరిచి చెబితే జనం హెచ్చరికలను క్షమిస్తారు.

ఇంతకంటే మొండిది మరొకటుంది. "పోయినసారి ఇంట్లోనే ఉన్నాం, ఏమీ కాలేదుగా" అనే ధైర్యం. ఇందులో వాతావరణ శాఖ మీద అపనమ్మకం లేదు. తన ఇంటి మీద నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని భౌతికశాస్త్రం ఒప్పుకోదు. గాలి వేగం రెట్టింపైతే గోడ మీద దాని తాకిడి నాలుగింతలవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలిని తట్టుకున్న రేకుల కప్పు 180కి నిలబడుతుందన్న హామీ ఎక్కడా లేదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ గాలులు గంటకు 180 కిలోమీటర్లు దాటాయి. అంతకుముందు చూసిన చిన్నాచితకా తుఫాన్ల అనుభవం ఆ రోజు ఎవరికీ కొలమానంగా పనికిరాలేదు.

ఆకాశం కూడా అబద్ధం చెబుతుంది. తుఫాను నడుమ గాలి పైకి లేస్తే దాని అంచుల అవతల గాలి కిందికి దిగుతుంది. దిగే గాలిలో మేఘాలు నిలవవు. అందుకే తుఫానుకు ముందురోజు కొన్నిసార్లు ఎండ కాస్తుంది, ఉక్కగా ఉంటుంది, చెట్టు మీద ఆకు కదలదు. ఇల్లు ఖాళీ చేయాల్సింది సరిగ్గా ఆ వేళలోనే. గాలులు బలపడ్డాక చెట్లు రోడ్ల మీద పడతాయి, కరెంటు పోతుంది, బస్సులు ఆగిపోతాయి. తలుపు తట్టి "బయలుదేరండి" అనేవాడి వెనక ఎండ మెరుస్తుంటే, కళ్లను నమ్మాలా చెవులను నమ్మాలా అన్న సందేహం ఎవరికైనా వస్తుంది.

ఆ సందేహంలో మనిషి పక్కవాడి ముఖం చూస్తాడు. 1968లో లటానే, డార్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. విద్యార్థులను గదిలో కూర్చోబెట్టి, కాగితాలు నింపమని చెప్పి, గోడలోని రంధ్రం గుండా లోపలికి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో నూటికి 75 మంది లేచి వెళ్లి చెప్పారు. పక్కన మరో ఇద్దరు ఏమీ పట్టనట్టు రాసుకుంటూ కూర్చున్నప్పుడు, వాళ్లు పరిశోధకుల మనుషులే లెండి, లేచి చెప్పినవాళ్లు నూటికి పదిమందే. పొగ అదే, గది అదే. వీధిలో ఎవరూ సామాను సర్దకపోతే మనమూ సర్దం. ఇదే సూత్రం తిరగబడి కూడా పనిచేస్తుంది. ఊళ్లో నలుగురూ గౌరవించే ఇల్లు ఒకటి ముందుగా కదిలితే ఆ వీధిని ఖాళీ చేయించడం సులువవుతుంది. మైకులో వందసార్లు చెప్పినా రాని కదలిక మొదటి ట్రాక్టరు బయలుదేరగానే వస్తుంది.

ఇంతవరకూ చెప్పిందంతా మనసుకు సంబంధించినది. నా ఉద్దేశంలో అసలు బరువు వేరే చోట ఉంది. మన తీరానికి పెద్ద తుఫాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు లోపు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా వరి కోతకొచ్చేది కూడా అప్పుడే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేటప్పటికి ఎందరో రైతుల పంట చేలోనో కళ్లంలోనో ఉంది. కౌలుకు చేసిన రైతుకు ఆ ధాన్యం మీద అప్పు ఉంటుంది. అతన్ని పునరావాస కేంద్రానికి రమ్మంటే, ధాన్యం మీద కప్పాల్సిన బరకాల గురించి ఆలోచిస్తాడు. మత్స్యకారుడికి పడవ, ఇంజను, వల పోతే ఏళ్ల సంపాదన పోయినట్టే. గేదెను వదిలి వెళ్లమంటే ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? పునరావాస కేంద్రమంటే చాలాచోట్ల రెండు గదుల బడి. వందమందికి ఒకటో రెండో మరుగుదొడ్లు, ఆడవాళ్లకు చాటు ఉండదు, మంచం దిగలేని ముసలివాళ్లను మోసుకెళ్లాలి. ఇవన్నీ తూచి చూసుకున్న మనిషి 'కాసేపు చూద్దాం' అంటే దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడానికి నాకు నోరు రాదు.

బంగ్లాదేశ్ ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1970 భోలా తుఫానులో మూడు లక్షల మందికి పైగా చనిపోయారు. తర్వాత అక్కడ రెడ్ క్రాస్, ప్రభుత్వం కలిసి గ్రామ వలంటీర్ల వ్యవస్థను నిర్మించాయి. హెచ్చరిక మోసుకొచ్చేది తెలిసిన ముఖం, చేతిలో జెండా, మెగాఫోను. అయినా 1991 తుఫానులో మళ్లీ లక్షా ముప్పైవేల మందికి పైగా పోయారు, వాళ్లలో మగవాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువ. షెల్టర్లు చాలలేదు. ఉన్నచోట కూడా పరాయి మగవాళ్ల మధ్యకు వెళ్లలేక, ఇల్లు వదల్లేక ఆగిపోయినవాళ్లున్నారు. ఆ తర్వాత కట్టిన షెల్టర్లలో ఆడవాళ్లకు వేరే గదులు పెట్టారు, పశువులకు చోటు చూశారు. పశువుల కోసం మట్టితో ఎత్తైన దిబ్బలు పోయడం అక్కడ 1970ల నుంచీ ఉంది. అమెరికాకూ ఈ సంగతి 2005లో కత్రినా హరికేన్ వచ్చాక గానీ తెలియలేదు. కుక్కను వదల్లేక ఇంట్లో ఉండిపోయినవాళ్లను చూశాక, తరలింపు ప్రణాళికల్లో పెంపుడు జంతువులను చేర్చాలని 2006లో చట్టమే చేశారు.

మన పక్కనే ఒడిశా ఉంది. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు పదివేల మంది పోయిన ఆ తీరంలోనే 2013లో ఫైలిన్, 2019లో ఫణి తుఫాన్లు వచ్చినప్పుడు ఒక్కోసారి దాదాపు పదిలక్షల మందిని, అంతకు పైగా కూడా తరలించారు. మరణాలు పదుల్లోకి దిగాయి.

గోదావరి ఒడ్డున మాత్రం జనం తమంతట తాము నేర్చుకున్న ఒక హెచ్చరిక భాష ఉంది. భద్రాచలం దగ్గర నది 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వానాకాలంలో అక్కడ ఎవరిని అడిగినా "ఇప్పుడెన్ని అడుగులుంది?" అన్నదే ప్రశ్న. క్యూసెక్కులు ఇంజనీర్లకు, అడుగులు ఊరికి. ఎన్ని అడుగులకు ఏ రోడ్డు మునుగుతుందో, తమ మెట్ల దగ్గరికి నీరు ఎప్పుడొస్తుందో ఒడ్డునున్నవాళ్లు చెప్పగలరు. పైన పేరూరు దగ్గర నీరు పెరిగితే తమకు ఎంత వ్యవధి ఉందో కూడా లెక్కవేసుకుంటారు. హెచ్చరిక ఇలా ఉండాలి అని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. దీనికీ ఒక లోపముంది. 1986 ఆగస్టులో అక్కడ నది 75.6 అడుగులకు లేచింది. అప్పుడు మునగని ఇంటివాడు ఇక ఎప్పటికీ మునగననుకుంటాడు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది, పాత రికార్డు దాటలేదు. దాటే రోజు వస్తే ఆ అంకె పట్టుకుని ఆగిపోయేవాళ్లు కొందరుంటారు.

పెద్ద నదికి, తుఫానుకు వ్యవధి ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో రెండు వరదలు ఒకేసారి వచ్చాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహంతో పారింది. దాని రాకను పై జలాశయాల దగ్గర నుంచీ కొలుస్తూ వచ్చారు. నగరాన్ని ముంచింది మాత్రం బుడమేరు వాగు. గట్లకు గండ్లు పడి సెప్టెంబరు 1న సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీరు చేరింది. అక్కడ తటపటాయించడానికి కూడా వేళ లేదు. చాలామంది మేడ మీదికి ఎక్కారు. మోకాలు దాటిన పారే నీటిలో దిగడం కంటే అది మంచి నిర్ణయమే. తరలింపు దానంతట అదే క్షేమం కాదు. 2005లో రీటా హరికేన్‌కు భయపడి హ్యూస్టన్ ప్రాంతం నుంచి లక్షల మంది ఒకేసారి రోడ్డెక్కినప్పుడు, ఎండకు, వాహన ప్రమాదాలకు చనిపోయినవాళ్లు తుఫానుకు చనిపోయినవాళ్లకంటే ఎక్కువ. కానీ సింగ్‌నగర్ మేడల మీద తిండి, తాగునీరు రోజుల తరబడి అందాల్సి వచ్చింది, డ్రోన్లతో కూడా పొట్లాలు పంపారు. బుడమేరు ఆ ప్రాంతాన్ని ముంచడం అదే మొదటిసారి కాదు, 2005లోనూ ముంచింది. సొంత ఇళ్లవాళ్లకు ఆ నీరు ఎంతవరకు వచ్చిందో గుర్తుండవచ్చు. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో అద్దెకు దిగినవాళ్లకు ఆ జ్ఞాపకం ఇంటి తాళంచెవితోపాటు రాదు. గోడ మీద ఒక గీత, పక్కన ఒక సంవత్సరం రాసి ఉంటే వచ్చేది.